ఆకుపచ్చది రాలేదు

"కదలకు అక్కా! నీ నీడ రెల్లు మీద పడుతోంది."

హిల్లె మోకాలి లోతు బురదలో బొమ్మలా నిలబడిపోయింది. "నీడే పడింది, సంతోషించు. ఇంకాసేపుంటే నేనే పడతాను. అరవై ఏడేళ్ళ దాన్ని పట్టుకొచ్చి పురుగుల పెళ్ళికి కాపలా పెట్టావు కదే!"

వీట్స్కె నవ్వలేదు. స్టాండు మీది కెమెరాకు కన్ను ఆనించి అలాగే వంగి ఉంది. ఒంటిగంట దాటింది. మూడింటికి ఆఫీసు నుంచి రూలోఫ్ వస్తాడు. సోమవారం ఇసుక లారీలు వస్తాయి.

ఊరి బయటినుంచి వేస్తున్న కొత్త రోడ్డు సరిగ్గా ఈ మడుగు మీదుగానే పోతుంది. దాన్ని ఆపడానికి దారి ఒక్కటే. చుట్టుపక్కల మరెక్కడా మిగలని ఈ సన్న తూనీగలు ఇక్కడ జతకడుతున్నాయని రుజువు చూపాలి. ఊరికే ఎగురుతున్నాయంటే చాలదు. గాలికి కొట్టుకొచ్చాయనేస్తారు.

మగది నీలం, ఆడది ఆకుపచ్చ. మూడు వేసవులుగా ఈ నీటి మీద ఆకుపచ్చది ఒక్కటీ వాలలేదు. పొద్దుటినుంచి వీట్స్కె లెక్కపెట్టినవి తొమ్మిది. తొమ్మిదీ నీలమే.

"బ్రహ్మచారుల మఠం," అంది హిల్లె. "ఒసేయ్, పోయినేడు నువ్వు ఎక్కడో దూరాన తీసిన జంట ఫొటో ఉందిగా. అది ఇచ్చెయ్. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీ నిజాయితీ మండా!"

అంతలోనే హిల్లె గొంతు మారిపోయింది. "వీట్స్కే, అదిగో! జంట!"

రెల్లు కాడ మీద ఒక తూనీగ మరోదాని మెడను తోకకొసతో పట్టుకుని వాలింది. వీట్స్కె కొన్ని సెకన్లకో ఫొటో దానంతటదే పడేలా మీట తిప్పి, అద్దంలోంచి చూసింది.

రెండూ నీలమే.

"ఏమైందే?"

"రెండూ మగవే అక్కా. ఆడది దొరక్కపోతే ఇంతే. కదిలినదాన్నల్లా పట్టుకుంటాయి."

ఇంక చూడలేకపోయింది. కెమెరాను అలాగే వదిలేసి గట్టెక్కి కూర్చుంది. జున్ను పెట్టిన రొట్టె డబ్బా తెరిచి, ముట్టకుండానే మూసేసింది.

రూలోఫ్ చెప్పిన వేళకే వచ్చాడు. రోడ్డు పనికి అనుమతులు చూసే ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు వీట్స్కె దగ్గరే జీవశాస్త్రం చదువుకున్నాడు. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైంది.

"టీచర్, ఒక్క ముక్క రాయండి. జతకట్టినట్టు అనుమానం ఉందని. ఈ ఏడాదికి పని ఆపించే పూచీ నాది."

"అనుమానం నాకు లేదే."

"నాకోసం రాయండి. మడుగు కోసమైనా రాయండి."

"పరీక్షలో ఊహించి రాస్తే నీకు ఎన్ని మార్కులు వేశాను?"

రూలోఫ్ తల దించుకున్నాడు. "సున్నా."

"మరి నాకు నేను ఎలా వేసుకోను?"

కాగితం తీసుకుంది. 'తొమ్మిది మగవి. ఆడవి లేవు. సంతతి పెరిగే అవకాశం లేదు.' కింద సంతకం పెట్టింది. కారు దిగగానే హిల్లె తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రానికి మడుగు లేదు. రెల్లు, నీళ్ళు, కప్పలు, అన్నీ ఇసుక కిందకు పోయాయి.

మర్నాడు మధ్యాహ్నం హిల్లె బఠాణీ సూపు గిన్నెతో చెల్లెలి ఇంటికి వచ్చింది.

"కోపం పోయిందనుకోకు. తిండి మానేశావని రూలోఫ్ ఫోన్ చేశాడు. ఆ చివరి ఫొటోలేవో చూపించు. ఇంక ఫొటోల్లో తప్ప అవి ఎక్కడున్నాయి కనక!"

కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. మొదటి ఫొటోలో నీలం మీద నీలం. వీట్స్కె మొహం తిప్పుకుంది. హిల్లె మాత్రం మీటలు నొక్కుతూ పోయింది. ఎవరూ చూడనంతసేపూ కెమెరా తన పని తాను చేసుకుపోయింది. ఐదో ఫొటోలో ఆ రెండూ నీటి అంచుకు దిగాయి. పన్నెండో ఫొటోలో మెడ పట్టుకున్నది పైన నిటారుగా నిలబడి ఉంది. కింది నీలం తూనీగ ఒళ్ళు విల్లులా వంచి, తోకకొసను నీటిలోని కాడలో గుచ్చింది.

"ఇటు చూడవే. ఈ కిందిది ఏం చేస్తోంది?"

వీట్స్కె చూసింది. ఫొటో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"గుడ్లు పెడుతోంది."