కాంటాకు కుట్టిన గలీబు

"ఏటమ్మా ఇర్మె, మళ్ళీ ఐదు కేజీలేనా? బిడ్డకి తిండి పెడుతున్నావా, కోళ్ళకి వేస్తున్నావా?"

సిస్టర్ ప్రసన్నకుమారి గొంతు బాసగూడ ఆరోగ్య కేంద్రం వరండా అంతా వినిపించింది. టీకాలకొచ్చిన తల్లులు తలలు తిప్పి చూశారు. కాంటా పళ్ళెంలో పిల్లాడు హాయిగా కాళ్ళాడిస్తున్నాడు. ఇర్మెకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"కడుపు నిండందే లేవడు సిస్టరమ్మా. ఎత్తుకుంటే చెయ్యి గుంజుతాంది."

"నీ చెయ్యేటి, కాంటానా?"

"మరి... కాంటా ఏమన్న పాడైందేమో."

అనకూడని మాట అనేసింది. ఆ కొత్త కాంటా అంటే సిస్టర్‌కి ప్రాణం. బీజాపూర్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దుమ్ము పడకుండా పూలగుడ్డతో గలీబు కుట్టి తొడిగింది. పళ్ళెం, ముల్లు తప్ప ఇంకేమీ కనపడవు. కన్నబిడ్డకైనా అంత ముచ్చటగా కుట్టి ఉండదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాంటాని తిడతావా? నువ్వొక్కదానివేనా! పుట్టినప్పుడు అందరూ బాగానే ఉంటారు. కాస్త పెరిగేసరికి ప్రతి బిడ్డా ఐదు దగ్గరే ఆగిపోతున్నాడు. నడు, బీజాపూర్ పోషణ కేంద్రానికి."

"వద్దు సిస్టరమ్మా! బిడ్డ కడుపు ఎండబెట్టిందని ఊరంతా అంటది. మా అత్త ఇంట్ల అడుగు పెట్టనియ్యదు."

"అననీ! అప్పుడైనా బుద్ధొస్తాది."

కాంటాలను తనిఖీకి బీజాపూర్ తీసుకెళ్ళడానికి ఆఫీసు పంపిన జీపు బయటే ఉంది. ఇర్మె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, బిడ్డతో వెళ్ళి అందులో కూర్చుంది.

"కాంటా కూడా అదే జీపులో వెళ్తాది. పాడైందెవరో అక్కడే తేలుతాది" అంటూ సిస్టర్ అట్టపెట్టె ముందేసుకుంది. అడుగున థర్మకోల్ పరిచింది. పళ్ళానికి దూది చుట్టింది. చూస్తున్న తల్లులకు పాఠం కూడా చెప్పింది.

"ఇది ప్యాక్ చెయ్యడం అందరికీ చేతకాదు. పెట్టెలో పెట్టేముందు కాంటా అడుగునున్న ఎర్ర స్క్రూ బిగించాలి. బిగిస్తే పళ్ళెం ఓ హద్దు దాటి కిందికి దిగదు, ముల్లూ ముందుకు పోదు. దారిలో ఎన్ని గుంతలొచ్చినా లోపలి స్ప్రింగు చెక్కుచెదరదు."

గలీబు ఊడదీసి కాంటాను తిరగేసింది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పింది. తిరగలేదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ తిప్పింది. తిరగలేదు. బిగించడానికి ఇంకేమీ మిగిలి లేదు. కొత్త కాంటాకు కంపెనీవాళ్ళే బిగించి పంపిన స్క్రూ అది. విప్పాలన్న సంగతే మరిచి, పైన గలీబు తొడిగేసింది.

సిస్టర్ చెవులు వేడెక్కాయి. వరండాలో తల్లుల వైపు తలెత్తి చూడలేకపోయింది. ఎవర్ని ఏ మాట అందో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

జీపులోంచి ఇర్మె చేతులు చాపింది.

"కోపం పెట్టుకోకు సిస్టరమ్మా, కాంటాను ఊకెనే అన్న. తప్పు నాదే. ఇటియ్యి, పిల్లగాన్ని పక్కన పండబెట్టి దాన్ని నా ఒళ్ళో పెట్టుకుంట."