ముద్దలో గుంట

తెర మీద రెండు చేతులు మాత్రమే ఉన్నాయి. ఆకుపచ్చ గాజుల చేతులు. పొగలు కక్కుతున్న రాగి సంగటిని అరచేతుల మధ్య తిప్పుతున్నాయి. ముద్ద నున్నగా, గుండ్రంగా తేలింది. చివర్లో కుడి బొటనవేలు ముద్ద నడినెత్తిన దిగి చిన్న గుంట చేసింది. ఆ గుంటలోకి నెయ్యి జారింది.

తిరుపతిలోని ఆ థియేటర్లో ఎవరో ఈల వేశారు.

"అబ్బా! ఆ సేతులు సూడు ఎస్తేరూ," అన్నాడు జయరావు భార్యతో. "వంటంటే అదీ."

ఎస్తేరు చూడలేదు. ముందు సీటు వెనక చిరిగి స్పాంజి బయటికొచ్చింది. దాన్నే చూస్తోంది. చేతులు రెండూ చెంగు కింద ఉన్నాయి. ఏసీ చలి.

అటుపక్క కూర్చున్న అత్త గురవమ్మ ఆవలించింది. "సంగటి సూసేదానికి ఇంత దూరం రావాల్నారా?"

"నీకు తెలీదులే మా. ఇది కళ."

పెళ్లయిన ఇన్నేళ్లలో జయరావు ఇంట్లో తిండి గురించి ఒక్క మాట అన్నది లేదు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఫోను చూస్తూ కూర్చుంటాడు, ఫోను చూస్తూ తింటాడు, ఫోను చూస్తూనే లేస్తాడు. మొదట్లో ఎస్తేరు గిన్నె పట్టుకుని ఆ ఒక్క మాట కోసం పక్కన నిలబడేది. తర్వాత కూడా నిలబడేది గానీ, ఎందుకు నిలబడుతోందో గుర్తుండేది కాదు. తిమ్మిరెక్కిన కాలు తనదో కాదో తెలియనట్టు, ఆ ఎదురుచూపు తనలో ఇంకా ఉందో లేదో ఆమెకు తెలియదు.

ఈ సినిమాకు పోదామని అడిగింది మాత్రం ఆమే. ఎన్నడూ ఏ సినిమాకూ అడగలేదు.

బయటికొచ్చి టీ బండి దగ్గర నిలబడ్డారు. జయరావు ఇంకా ఆ చేతుల దగ్గరే ఉన్నాడు.

"పూతలపట్టు కాడ తీసినారంట. మీ పుట్టింటి పక్కనే గదా. పోయినేడు మీయమ్మకు చెయ్యిరిగి పుత్తూరు కట్టు కట్టిస్తే, నువ్వు ఆడే ఉంటివి. షూటింగ్ సూళ్లేదా?"

"సూసినా."

"హీరోయిన్ని?"

"కుర్చీలో కూసోని ఫోను సూస్కుంటా ఉండె."

"నా మాదిరే!" జయరావు గట్టిగా నవ్వాడు. "ఆ ఒక్క సంగటి కోసం ఎన్నాళ్లు కష్టపడి నేర్చుకునిందో పాపం. నన్ను హోటలు కూటికి వదిలేసి పోతివి. ఆమె కాడ రెండు మెళకువలన్నా నేర్చుకోని రాకపోతివి."

ఎస్తేరు రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని ఉంది. జయరావు చూపు ఆ చేతుల మీద పడింది. కాసేపు అక్కడే నిలిచింది.

ఆమె గ్లాసును ఇంకాస్త పైకెత్తింది.

"కాల్తాది. అంచు పట్టుకో," అన్నాడు.

ఫ్యాక్టరీలో జయరావు పక్క మిషన్ మీద పనిచేసే మునిశేఖర్ ఈ సినిమా సంగతి విని పెదవి విరిచాడు. "తిండి సినిమాలు సూసి ఎవుడూ పొయ్యి ముట్టియ్యడప్పా. ఆకలై హోటలుకు పోతాడు, అంతే." ఆ మాట జయరావుకు పట్టుకుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి నడిచాడు.

"ఈపొద్దు సంగటి నేనే."

"మీ నాయన బతికుంటే, నువ్వు తెడ్డు పట్టే ఈ సినిమాకు టిక్కెట్టు కొనుక్కోని వచ్చుంటాడు," అంది గడపలో కూర్చున్న గురవమ్మ.

నూకలు ఉడికాయి. పిండి పడింది. తెడ్డుతో గెలికాడు. ఉండలు కట్టింది. ముద్ద చేద్దామని చెయ్యి పెట్టి, "అమ్మా!" అని విదిలించాడు. సంగటి ఎగిరి గోడకు అతుక్కుంది.

"చెయ్యి నీళ్లలో ముంచాల," అంది ఎస్తేరు.

"సినిమాలో అంత సులబంగా ఉండె!" అరచెయ్యి ఊదుకుంటూ పక్కకు జరిగాడు.

ఎస్తేరు పొయ్యి సన్నం చేసింది. తెడ్డు తీసుకుని ఉండలు చిదిమింది. చేతులు తడుపుకుంది. సంగటి ఆ రెండు చేతుల మధ్య ఒక్క చుట్టు తిరిగి గుండ్రమైంది. బొటనవేలు దానంతట అదే దిగింది.

"సూడు మా, సూడు!" జయరావు దాదాపు గెంతాడు. "గుంట! ఒక్క సినిమాతో ఎట్ల నేర్చుకునిందో!"

గురవమ్మ ముద్ద వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. ఏదో అనబోయి, కంచం ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది.

జయరావు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టాడు. "మునిశేఖరప్పా, సినిమాలు సూసి ఎవురూ వండరంటివే! ఈడికొచ్చి సూడు, నా పెండ్లాము గుంటతో సహా దించేసింది."

ఫోను పక్కన బోర్లించాడు. గుంటలో కోడిపులుసు పోసుకున్నాడు. ఒక ముద్ద మింగాడు. తలెత్తి ఆమెను చూశాడు.

"బాగుండాది," అన్నాడు. "ఆమె సేసినంత కాదులే గానీ, బాగుండాది."

ఆ మాట వచ్చేసింది. గిన్నె పట్టుకుని నిలబడ్డ ఎస్తేరు లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు చూసుకుంది. ఏమీ కదల్లేదు. సరేనన్నట్టు తల ఊపింది.

పోయినేడు పూతలపట్టు దగ్గర షూటింగ్ జరిగిన పెంకుటింట్లో, హీరోయిన్ చేతి ఆకుపచ్చ గాజులు తీసి తన చేతులకు తొడుగుతూ, "నీ మొహం కనపడదమ్మా, చేతులు మాత్రమే" అని సినిమావాళ్లు చెప్పినప్పుడు కూడా ఆమె ఇలాగే తల ఊపింది.