పంచవాక్య పరీక్ష

"ఈరోజు పరీక్షాధికారి ప్రయాణికుడి వేషంలో వస్తున్నాడమ్మా. నీ నోట ఒక్క తెలుగు మాట జారిందా, ఉద్యోగం పర్మినెంటు కావడం దేవుడెరుగు, రేపట్నుంచి నువ్వు రానే అక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజరు రాజశేఖర్.

శంషాబాద్ విమానాశ్రయంలో నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో గేటు దాకా చేర్చే సుమలత, తోస్తున్న ఖాళీ కుర్చీని అక్కడే ఆపేసింది.

"ఆయనను గుర్తువట్టుడెట్ల సార్?"

"గుర్తుపడితే ఇంక వేషమెందుకు?"

"మరి ఏం మాట్లాడాలె?"

"ఏదైనా మాట్లాడు. పూర్తి వాక్యం కావాలి, ఇంగ్లీషు కావాలి. అంతే."

వాక్యాలకు కొదవ లేదు. శ్రీరామమూర్తి మాస్టారు బస్టాండు ఎదుటి మేడగదిలో నాలుగు ఆదివారాలు ఇంగ్లీషు మహాసముద్రాన్ని మథించి, ఐదంటే ఐదే వాక్య నమూనాలను వెలికితీసి ఆమె దోసిట్లో పోశారు. "తెలుగులో క్రియ పెళ్ళిపెద్ద లాంటిదమ్మా. అందరూ కూర్చున్నాక నింపాదిగా చివర్న వస్తుంది. ఇంగ్లీషులో దానికి అంత ఓపిక లేదు. కర్త పీటెక్కడమే ఆలస్యం, పక్కనే వచ్చి కూలబడుతుంది. కర్మ, తక్కిన బంధుగణం ఆ తర్వాతే. ఈ వరస తప్పకపోతే భూమండలంలో నీకు ఎదురులేదు" అని ఆశీర్వదించారు కూడా. ప్రశ్న వేయడం, కాదనడం మాత్రం వచ్చే నెల పాఠాలు.

తనిఖీలన్నీ దాటాక వచ్చే హాలులో, ఒక స్తంభం పక్కన ఆయన కనిపించాడు. నడివేసవిలో నల్లకోటు, మెడకు ఎర్రటి టై. సుమలత యూనిఫాం కంటబడగానే నిటారుగా నిలబడి, ఆమెను ఆపాదమస్తకం చూసి, గొంతు సవరించుకున్నాడే గాని పెదవి విప్పలేదు. అంతటి గాంభీర్యం మామూలు ప్రయాణికుడికి ఎక్కడిది? సుమలత కుర్చీని రథంలా ఆయన ముందుకు నడిపించింది.

"దిస్ ఈజ్ ఎ వీల్‌చెయిర్" అంది. అది రెండో నమూనా.

ఆయన కుర్చీని చూశాడు. తన రెండు కాళ్ళనూ చూసుకున్నాడు. "దిస్ ఈజ్ ఎ గుడ్ వీల్‌చెయిర్" అని ఆచితూచి పలికి, అందులో ఆసీనుడయ్యాడు.

"ఐ పుష్ ది చెయిర్" అంది. మూడోది.

"ఐ లైక్ ది చెయిర్" అన్నాడాయన.

సుమలతకు ఉన్న ఒకటీ అరా సందేహమూ తీరిపోయింది. ప్రయోగించిన నమూనాకు సరిగ్గా అదే నమూనాతో బదులివ్వడం పరీక్షాధికారికి గాక ఎవరికి సాధ్యం?

ఏ గేటుకు పోవాలో అడగాలంటే ప్రశ్న కావాలి. అది వచ్చే నెల. ఆయన తనంత తాను చెప్పనూ లేదు. చెప్పడు మరి, అది కూడా పరీక్షలో భాగమే అని సుమలత తీర్మానించుకుంది. అప్పుడు ఆ రథం మొదటి గేటు నుంచి చివరి గేటుకు, చివరి గేటు నుంచి మొదటి గేటుకు ప్రదక్షిణలు ప్రారంభించింది. పూతరేకుల దుకాణాన్ని నాలుగోసారి దాటుతుండగా, తోటి ఉద్యోగి మల్లేశ్వర్ ఎదురుపడ్డాడు.

"ఏంది సుమక్కా, సార్‌ను గిట్ల తిప్పుతున్నవ్? ఊరేగింపా?"

సుమలత కళ్ళతోనే కసిరి, "ఐ వర్క్" అంది.

"ఐ సిట్" అన్నాడు కుర్చీలోని పెద్దమనిషి, క్షణమైనా ఆలస్యం చేయకుండా.

మల్లేశ్వర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ జర దవాఖానకు పోండ్రి" అని సలహా ఇచ్చి తన దారిన పోయాడు.

మొదటి నమూనా కూడా ఆ విధంగా గట్టెక్కింది. సుమలత సీసా మూత తీసి, "ఐ గివ్ యూ వాటర్" అని నాలుగోది సమర్పించింది. ఆయన గటగటా తాగి, "యూ గేవ్ మీ వాటర్" అన్నాడు. ఆహా, భూతకాలం! పండితుడంటే ఈయనే.

ఇంతలో మస్కట్ విమానం బయలుదేరబోతున్నదని మైకు ప్రకటించింది. ఆయన కుర్చీలో అటూ ఇటూ మెసలసాగాడు. కోటు వీపు తడిసిపోయింది. ఇంకొక నమూనా మిగిలి ఉందనే కదా ఆ అసహనం! ఐదోది బ్రహ్మాస్త్రం. మాస్టారంతటి వారే దాన్ని ఒక్కసారి ప్రయోగించి ఆ పూటకు పాఠం ఆపేశారు. సుమలత మనసులోనే గురువుకు నమస్కరించి, కళ్ళు మూసుకుని వదిలింది.

"ఐ మేక్ యూ హ్యాపీ, సర్!"

"యూ మేక్ మీ లేట్!" అని ఆయన ఆక్రోశించాడు.

కర్త, క్రియ, కర్మ, ఆ కర్మ గతి ఏమైందో చెప్పే మాట! వరసలో వెంట్రుకవాసి దోషం లేదు. అర్థం జోలికి పోయే తీరిక సుమలతకు ఎక్కడిది? రెట్టించిన ఉత్సాహంతో కుర్చీని ఐదో ప్రదక్షిణకు మళ్ళించింది.

మస్కట్ విమానానికి ఆఖరి పిలుపు వినవచ్చింది.

నడుస్తున్న కుర్చీలోంచి ఆ పెద్దమనిషి ఒక్క గంతులో నేల మీదికి దూకి, రెండు కాళ్ళ మీద నిక్షేపంగా నిలబడ్డాడు. సుమలత కొయ్యబారిపోయింది. పరీక్ష ముగిసిందన్నమాట. ఇక ఫలితమే తరువాయి. ఆమె తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలుచుంది.

ఆయన ఆమె ఎదుటికి వచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"మేడం, దండం పెడ్త!" అన్నాడు అచ్చమైన షాద్‌నగర్ తెలుగులో. "ఇమానం ఎక్కే ముంగట యూనిఫామేసుకున్న మేడం ఇంగ్లీషు పరీక్ష పెడ్తదని ఏజెంటు చెప్తే, ఐదు రకాల వాక్యాలూ బట్టీ గొట్టిన, ఐదూ నీకు అప్పజెప్పిన. ఇగనన్న నన్ను పాస్ జెయ్యి!"