చలినేల రుచి

1984 సెప్టెంబరు తొమ్మిది, ఆదివారం. ఆ రోజు గంగులప్ప భార్య రత్నమ్మ రాగిసంగటి కెలికి, నాటుకోడి పులుసు చేసింది. బెంగళూరు నుంచి వచ్చిన అతిథి మాత్రం నాలుగు ముద్దలు చప్పిడి పెరుగన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు.

"కారం తింటే నాలుక మొద్దుబారుతుందమ్మా. నా పని ఇంకా కాలేదు కదా," అన్నాడు లక్ష్మీపతి నొచ్చుకుంటూ.

వైను రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడం ఆయన పని. దానికే ఒక కంపెనీ ఆయనకు జీతమిస్తోంది.

"ఇదేం ఉద్యోగమప్పా! మా ఊర్లో ఈ పని ఊరికే సేసేవాళ్ళు శానామంది ఉండారు," అన్నాడు రెడ్డెప్ప.

గంగులప్ప తమ్ముణ్ణి కళ్ళతోనే కసిరాడు.

మదనపల్లె దాటాక, హార్సిలీ కొండ దిగువన అన్నదమ్ములకు ఉమ్మడి చేను ఒకటి ఉంది. అందులో ఆ కంపెనీవాళ్ళిచ్చిన, వైనుకు మాత్రమే పనికొచ్చే షిరాజ్ ద్రాక్ష కొమ్మలు గంగులప్ప నాటి నాలుగేళ్ళయింది. చిన్న నల్లకాయ, మందం తోలు, నోటినిండా గింజలు. సంతలో ఎవరూ ముట్టుకోరు. "ఈడ టమేటా పెట్టుంటేనా..." అని రెడ్డెప్ప అనని రోజు లేదు. వినీ వినీ చివరికి గంగులప్పే మాటిచ్చాడు. ఈ ఏటి కాపుతో వైను చేద్దామని, కంపెనీ బాగలేదంటే తీగలన్నీ తన చేతులతోనే పెరికేసి చేనంతా టమేటాకే వదిలేస్తానని.

మార్చిలో పళ్ళు చిదిమి, కంపెనీవాళ్ళు సర్కారు పర్మిషన్ తెచ్చి పంపిన పెద్ద జాడీలో పులియబెట్టాడు. పసిబిడ్డను సాకినట్టు సాకాడు. మధ్యలో కూతురి కాన్పుకు కుప్పం వెళ్ళాల్సి వచ్చినప్పుడు, జాడీ గది తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, "గాలి తగలనీవద్దురా" అని బస్సెక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

లక్ష్మీపతి గాజుగ్లాసులో కొంచెం పోయించుకున్నాడు. వెలుతురుకు ఎత్తి రంగు చూశాడు. గ్లాసును గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు దూర్చాడు.

"ముక్కుతో తాగతాడా యేమి?" రెడ్డెప్ప వదిన చెవిలో గొణిగాడు.

"నువ్వు గమ్మునుండప్పా," అంది రత్నమ్మ.

లక్ష్మీపతి ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని పుక్కిలించాడు. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్ళి, బంతిచెట్ల మొదట్లో మొత్తం ఉమ్మేశాడు.

గంగులప్ప ముఖం నల్లబడింది. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకుంటూ గోడకు ఆనుకున్నాడు.

ముందుగా లేచింది రెడ్డెప్పే.

"ఏమప్పా! బాగలేకుంటే బాగలేదని సెప్పు. మా అన్న నిద్ర మానుకోని సేసినదాన్ని మా వాకిట్లోనే ఉమ్ముతావా? కూడు పెట్టిన ఇంట్లో ఉమ్మే మర్యాద యాడ నేర్సినావు?"

"వద్దురా," అన్నాడు గంగులప్ప. "తీగలు రేపే పెరికేద్దాం. మాటిచ్చినా గదా."

లక్ష్మీపతి బిత్తరపోయి చూసి, సంగతి అర్థమయ్యాక నవ్వేశాడు. "అయ్యో, మా పద్ధతే అదప్పా! రోజంతా రకరకాలు రుచి చూడాలి. అన్నీ మింగితే సాయంత్రానికి నన్ను మంచమ్మీద మోసుకుపోవాలి. బాగున్నా ఉమ్ముతాం, బాగలేకున్నా ఉమ్ముతాం."

"అయితే... ఇది?" రత్నమ్మ అడిగింది.

ఆయన ఇంకో గుక్క తీసుకున్నాడు. ఈసారి మింగాడు.

"మిరియాలు," అన్నాడు.

"యేమి?"

"మిరియాల వాసన! షిరాజ్‌ను వేడి నేలలో పెంచితే జామ్ మాదిరి తీపి వాసన వస్తుంది. చలినేలలో నిదానంగా పండినప్పుడే ఈ మిరియాల ఘాటు. దీనికోసం పెద్దపెద్ద తోటలవాళ్ళే తపస్సు చేస్తారు. ఇంత గట్టిగా నేనెక్కడా చూడలేదు. మీ కొండగాలిలో ఉందప్పా మహిమ!"

గంగులప్ప తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. రెడ్డెప్ప నిలుచున్నచోటే నిలుచుండిపోయాడు.

"మిర్యాలా?" అన్నాడు. "వైనులో అది... మంచిదేనా సార్?"

"మంచిదేనా ఏమిటి, నా ఓటే దానికి! అమ్మా, ఇప్పుడు పెట్టండి ఆ కోడిపులుసు."

పాపం, టమేటా ఆశ పోయిందని రత్నమ్మ మరిది విస్తట్లో కూడా రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

బయల్దేరేటప్పుడు లక్ష్మీపతి అసలు మాట చెప్పాడు. "వచ్చే ఏటి వైనులోనూ ఇదే ఘాటు వస్తే కంపెనీ పదేళ్ళకు ఒప్పందం రాసుకుంటుంది. రాకుంటే మాత్రం ఏదో ఒక్కసారి కుదిరిందనుకుని వదిలేస్తారు."

"ఆ ఒప్పందంలో మా తమ్ముడి పేరే ముందు రాయాల సార్," అన్నాడు గంగులప్ప. "నేను కుప్పంలో ఉన్నప్పుడు దాన్ని సాకింది వాడే. ఇందాక నా కోసరం మీ మీదికి లేసింది గూడా వాడే."

"యాలన్నా ఇప్పుడవన్నీ," అని రెడ్డెప్ప తల వంచుకున్నాడు.

మరుసటి ఏడు జూలై. ఇంకో రెండు నెలలకు లక్ష్మీపతి వస్తాడు. రెడ్డెప్ప పుంగనూరు సంతకు పోయి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. గంగులప్ప జాడీ పక్కన దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"పోయినేడు మాదిరి లేదురా. ఆ ఘాటే రాలేదు. కొండగాలి మారిందో యేమో."

"వస్తాదిలే అన్నా. నువ్వు పోయి కూడు తిను. వదిన కాసుకోనుండాది. తాళం నేనేస్తా."

గంగులప్ప నిట్టూర్చి ఇంట్లోకి వెళ్ళాడు.

పోయినేడు చెడగొట్టాలని వేసినన్ని మిరియాలే మళ్ళీ జాడీలో వేసి, రెడ్డెప్ప తలుపు మెల్లగా మూశాడు.