అత్తగారి తల

“ఇది నకిలీది సార్. ఈ రెండు చేతుల్తో నేనే చెక్కాను. నమ్మండి,” అన్నాడు జుహ్తూ.

ఠాణా బల్ల మీద పుచ్చకాయంత తెల్లరాతి తల ఒకటి ఉంది. ఆడమనిషి తల. దాని పక్కన సార్జెంట్ జెవ్దెత్ టీ గ్లాసు పొగలు కక్కుతోంది.

“మరి పొద్దున ఆ జర్మనీ వాడితో రెండు వేల ఏళ్ళనాటిదని చెప్పావటగా?”

“అది బేరం సార్. బేరంలో మాట ఠాణాలో పట్టుకుంటే ఎట్లా?”

“అసలుదైతే పురాతన వస్తువు అమ్మబోయిన నేరానికి ఐదేళ్ళకు తక్కువ కాకుండా లోపలుంటావు. నకిలీదైతే నాలుగు తిట్లు తిని ఇంటికి పోతావు. తేల్చాల్సింది నేను కాదు, ఈ మేడం.”

కొండ మీది పాతనగరాన్ని పదేళ్ళుగా తవ్వుతున్న ప్రొఫెసర్ నెరిమాన్ అప్పటికే భూతద్దం తీసి తల మీదికి వంగింది.

టర్కీలోని మా పాముక్కలేలో ఈ విద్య కొత్తదేం కాదు. వేడినీటి కాలవ కింద ఏది పెట్టినా నెల తిరిగేసరికి తెల్లటి రాతిపొర కట్టేస్తుంది. సీసాలు పెడతాం, మట్టిబొమ్మలు పెడతాం, పగిలిన కూజాలు పెడతాం. తెల్లమడుగులు చూడ్డానికి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళకు అమ్ముకుంటాం. పనంతా నీళ్ళు చేస్తాయి, కళాకారులమని పేరు మేం చెప్పుకుంటాం.

“పై పొర కొత్తదే,” అంది నెరిమాన్. “నెలరోజులది. కింద ఉన్న రాయి మాత్రం పాతది.”

“రాయన్నాక అన్నీ పాతవే కదా మేడం. రాళ్ళ ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్క అది.”

“పెదవి చివర ఈ వంపు చూడు. ఇంత పనితనం మామూలు చేతికి రాదు.”

జుహ్తూ పనిని ఒకరు మెచ్చుకోవడం అతని నలభై ఆరేళ్ళ బతుకులో ఇదే మొదలు. తీరా మెచ్చుకుంటే సంతోషించే వీలు లేకపోయింది.

“ఏం పనితనం మేడం? చెవులు చూడండి, ఒకటి పైకి, ఒకటి కిందికి. రోము రాజుల కాలంలో ఇట్లా చెక్కితే వాళ్ళు నా చెవులు కోసేవాళ్ళు. నేను చేసిన కుర్చీ మూడు కాళ్ళ మీదే నిలబడుతుంది. ఊళ్ళో ఎవర్నయినా అడగండి.”

“నిజమే సార్,” అన్నాడు గుమ్మం దగ్గరి జవాను. “నా పెళ్ళికి మంచం చేసిచ్చాడు. మా ఆవిడ దాని మీద బట్టల పెట్టె పెట్టింది, అంతే, కూలింది.”

“విన్నారా?” అన్నాడు జుహ్తూ ఆశగా.

నెరిమాన్ తల అడ్డంగా ఊపింది. “చెవుల తేడా కావాలని చేసింది. ఎవరో మహారాణి అయి ఉంటుంది. ఆ చూపులో ఎంత దుఃఖం ఉందో.”

“అది దుఃఖం కాదు మేడం. మా అత్తగారు నన్ను చూసే చూపు. ఆవిడ ముఖం చూసే చెక్కాను. నమ్మకం లేకపోతే పిలిపించండి.”

సార్జెంటు టీ కింద పెట్టి జవానుకు సైగ చేశాడు.

దుర్రియే అత్త వచ్చింది. రొట్టెలు ఒత్తుతూ ఉన్నపళంగా వచ్చినట్టుంది, చేతులకి పిండి అట్లాగే ఉంది. లోపలికి వస్తూనే అల్లుణ్ణి ఓ చూపు చూసింది.

అందరూ బల్ల వైపూ, గుమ్మం వైపూ మార్చి మార్చి చూశారు. ఆ చూపే. బల్ల మీద ఉన్నదీ, గుమ్మంలో ఉన్నదీ.

నెరిమాన్ లేచి ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగింది. “అమ్మా, కొంచెం ఆ తలగుడ్డ పక్కకి జరుపుతారా?”

“ఎందుకమ్మా?”

“చెవులు చూడాలి.”

అత్త జరిపింది. ఒకటి పైకి, ఒకటి కిందికి.

“నా చదువుని తగలెయ్య,” అంది నెరిమాన్ కుర్చీలో కూలబడుతూ. “వీడి అత్తగారిని పట్టుకుని మహారాణి అన్నాను. రాసుకోండి సార్జెంట్, ఇది నకిలీ.”

సార్జెంటు కేసు కాగితాన్ని నిలువునా చింపాడు. “టీ పట్రా. అందరికీ,” అని జవానును కేకేశాడు.

జుహ్తూ ఒక్క అంగలో అత్త దగ్గరికి వెళ్ళాడు. పండగనాడు తప్ప ముట్టుకోని అత్తగారి చేతిని అందుకుని, ముద్దుపెట్టి, నుదుటికి ఆనించుకున్నాడు. నుదుటికి పిండి అంటింది. పట్టించుకోలేదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మా ఊరివాడు కదా, మెప్పు చెవిన పడ్డాక ఊరుకోలేడు.

“అయినా మేడం, ఆ పెదవి వంపు గురించి ఇందాక ఏదో అన్నారు?”

“బాగుందన్నాను.”

“పొర కొంచెం గీకి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. ఇంత బాగా ఎప్పుడు చెక్కానా అని. లోపలెక్కడో ఉండి ఉంటుంది, ఇన్నాళ్ళకి బయటికొచ్చింది. మహారాణి అనుకున్నారంటే మాటలా? ఏం అత్తమ్మా, నన్ను చేతకాని వాడివంటావుగా, ఇప్పుడేమంటావు?”

దుర్రియే అత్త బల్ల దగ్గరికి వెళ్ళింది. రాతి తలను ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, చంకలో పెట్టుకుంది.

“నువ్వు చెక్కిన వంకరది ఇంట్లో ఊరగాయ పీపా మూత మీద బరువుగా ఉంది నాయనా. ఇది మా తాత శనగచేను దున్నుతుంటే దొరికిన రాతి తల. ఇన్నేళ్ళూ ఆ మూత మీదే ఉండేది, జిడ్డు పట్టిందని పోయిన నెల నీ కాలవ కింద నీదాన్ని తీసి దీన్ని పెట్టింది నేనే.”