నాలుగు నిమిషాలు ముందు

"మళ్లీ ఒకసారి చూడు," అంది రుతుజ మరాఠీలో.

"ఇది ఆరోసారి మేడం," అంటూనే దర్శన లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

ముంబై కామాటిపురాలో, వరస గదుల చాల్‌లో, దర్శన వాళ్ల పదడుగుల గదిలో ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. సాయంత్రం ఆరున్నరైంది. ఏడింటికల్లా ఫలితం పరిశోధన సంస్థ కమిటీకి పంపాలి.

రుతుజ నక్షత్రాల మీద డాక్టరేట్ చేసిన మనిషి. ఈ చాల్ డాబా మీది యాంటెన్నా, జట్టులో మూడోవాడైన అనిల్ కట్టింది. అది పట్టే రేడియో సంకేతాల్లోంచి ఊరి రొద తీసేసి, ఆకాశానిది మాత్రం మిగల్చడం దర్శన పని. ముగ్గురిలో ఆమెదొక్కటే ఆరు నెలల ఉద్యోగం, అది కూడా శనివారంతో సరి. ఫలితం నిలిస్తే పరిశోధకురాలిగా తీసుకుంటామన్నారు. నిలవకపోతే గ్రాంట్ రోడ్‌లో మళ్లీ ట్యూషన్లే.

పొద్దున్నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది.

"ఆ కొత్త సంకేతం పదిహేను రోజుల కింద మధ్యాహ్నం మూడూ పదికి వచ్చింది. ఇవాళ రెండూ పదికి," రుతుజ వేళ్లు మడిచింది. "సరిగ్గా గంట."

"రోజుకు నాలుగు నిమిషాలు. మన గడియారంలో ఏ నక్షత్రమైనా అంతే కదా, నిన్నటికంటే నాలుగు నిమిషాలు ముందొస్తుంది."

"ఆ వేళకు నువ్వు ఇక్కడుంటావా?"

"ఎక్కడ మేడం? ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉన్నాను."

"చాల్‌లో ఎవరిదైనా యంత్రమేమో?"

"మనుషులు ఆలస్యంగా వస్తారు మేడం. రోజూ లెక్కగట్టి నాలుగు నిమిషాలు ముందొచ్చే మనిషి మా చాల్‌లో ఉంటే, దండేసి దండం పెడతాను."

రుతుజ నవ్వింది. మళ్లీ ముఖం ముడుచుకుంది. "మరి అంతకుముందు వారం? ఏడు రోజులూ మూడూ పదికే వచ్చింది. అప్పుడెందుకు కదల్లేదు?"

ఈ ప్రశ్నే దర్శనకు నిద్ర లేకుండా చేస్తోంది.

"అది ఎవరిదో మోటారు రొద మేడం. అది ఆగిపోయాక, దాని చాటునున్నది బయటపడింది." ఆ మాట కాస్త గట్టిగానే అంది. గట్టిగా అంటే తప్ప తనకే నమ్మకం కుదరడం లేదు.

దర్శన నాయనమ్మ ముత్తమ్మ చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఫాక్‌లాండ్ రోడ్ మీది ఖానావళికి, అక్కడి భోజనాలకు, రోజూ వెల్లుల్లి కారం నూరి పంపి, మనవరాలిని ఎమ్మెస్సీ దాకా చదివించిన మనిషి.

"ఆజీ, ఈ నాలుగు నిమిషాల సంగతి నీకు తెలుసా?" అంది రుతుజ.

"తెల్వకేం?" అంది ముత్తమ్మ, తెలుగూ మరాఠీ కలిపి. "దినాం ఒక్క టైముకే వస్తుంది, ఇది నేలదే, నా నౌకరీ పోయిందని ఒకనాడు ఒకటే ఏడ్చింది. అన్నం ముట్టలే. మరి పైనిదైతే ఎట్లొస్తదే అని నేనే అడిగిన. అప్పుడు చెప్పింది."

"ఇప్పుడదంతా ఎందుకవ్వా!" దర్శన సిగ్గుపడింది.

రుతుజ గడియారం చూసుకుంది. "పంపు. అందరికంటే ముందు నీ పేరే పెట్టాను."

దర్శన వేలు బటన్ మీద ఆగింది. కళ్లు మూసుకుని నొక్కేసింది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: అందింది, సోమవారం వచ్చి అందరి ముందూ వివరించండి.

రుతుజ ఆమె భుజం తట్టి, ఇరుకు మెట్లు దిగి వెళ్లిపోయింది. దర్శన గిరుక్కున తిరిగి నాయనమ్మను వాటేసుకుంది. నెల రోజుల గుబులంతా ఒక్కసారి దిగిపోయినట్టయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఇగ నా నౌకరీ పక్కా అవ్వా!"

ముత్తమ్మ ఆమె కళ్లు తుడిచింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"రేపు రెండూ ఆరుకే మిక్సీ తిప్పాల్నా, బిడ్డా?"