రద్దు ముద్ర

మా చిన్న కాలేజీ లైబ్రరీని పెద్ద కాలేజీ లైబ్రరీలో కలిపేస్తున్నారు. ఆ పెద్ద లైబ్రరీకి ఐదింటికే తాళం పడుతుంది. పని ముగించుకుని ఆరింటికి వచ్చే సాయంత్రం బ్యాచ్ గోడు ఎవడికీ పట్టలేదు.

నేనిక్కడ పుస్తకాలు సర్దుతాను. నాకొచ్చిన కాస్త చదువూ ఈ బల్లల దగ్గరే నేర్చుకున్నాను.

చిరిగినవీ నలిగినవీ తీసేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. మా లైబ్రేరియన్ మేడమ్ ‘రద్దు’ ముద్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కానీ, కొట్టు."

ఒళ్ళు మండిపోయింది.

"నలిగాయంటే చదివారనేగా మేడమ్? ఆ పెద్ద కాలేజీ వాళ్ళ అద్దాల బీరువాల్లో పుస్తకాలు పెట్టెలో పట్టుచీరలు. మడత కూడా విప్పరు. వాటికి కొట్టమనండి రద్దు!"

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

"కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

మేడమ్ వెళ్ళి తలుపు దగ్గరికేసి వచ్చింది.

"ముద్ర పడ్డ పుస్తకం ఎవరిది?"

"ఎవరిదీ కాదు. చిత్తు కాగితం."

"ఆ చిత్తుని సాయంత్రం బ్యాచ్ వాళ్ళు తమ క్లాసులో బీరువా నిండా పెట్టుకుంటే, ఐదింటికి తాళం వేసేవాడు ఏం పీకుతాడు?"

ఆవిడ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఇంకుపెట్టె దగ్గరికి లాక్కుని దబదబా కొట్టుకుపోయాను.

నలిగినవి అయిపోయాయి. ముద్ర ఎత్తిన చెయ్యి, ఇంకా అట్ట కూడా తెరవని కొత్త నిఘంటువు మీద ఆగింది. మేడమ్ వైపు చూశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకన్నీ నలిగినట్టే కనిపిస్తున్నాయిరా. కొట్టు."